ఒకే వంక మీద ఐదు పంచాయతీలు: జనంతో కూర్చుని వేసే ప్రణాళిక నిలబడాలంటే

మీరు అడిగింది ఇదీ: అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం వైపు ఒకే వంక (వాన నీళ్లు పారే చిన్న వాగు) మీద ఐదు పంచాయతీలు ఉన్నాయి. ఎవరి ప్రణాళిక వాళ్లు వేసుకుంటే పైఊరి పని కిందిఊరికి చేటవుతోంది. గ్రామసభకు ఇరవై మంది రావడం లేదు. కట్టినవి రెండు మూడేళ్లకే మూలపడుతున్నాయి. ఐదూళ్ల వాళ్లనూ కలుపుకుని, డబ్బు విషయంలో కూడా తట్టుకునే ప్రణాళిక ఎలా వేయాలి?

మొట్టమొదట, "మీ ఊరికి ఏం కావాలి?" అని అడిగి మొదలుపెట్టొద్దు. అలా అడిగిన ప్రతి చోటా వచ్చేది ఒకటే జాబితా: సీసీ రోడ్డు, కమ్యూనిటీ హాలు, ఊరి ముందు ఆర్చి, ఇంకో బోరు. అందులో పదో వంతు కూడా జరగదు, మరుసటేడు జనం రారు. జనానికి పట్టింపు లేదనడం తప్పు. పోయినేడు వచ్చి చెప్పింది ఎక్కడా కనబడలేదు కాబట్టే ఈ ఏడు ఇంట్లో ఉంటున్నారు. కోరికలకు ముందు రెండు లెక్కలు వాళ్ల చేతుల్లో పడాలి: ఊరికి నీళ్లెన్ని, ఊరికి డబ్బెంత. ఆ లెక్కలు ఆఫీసు నుంచి వచ్చినవి కాకుండా వాళ్లు కొలిచినవై ఉండాలి.

ఇది మన దగ్గర జరిగిన పనే. 2003 తర్వాత కొన్నేళ్లు ఏపీఎఫ్ఏఎంజీఎస్ అనే, రైతులే భూగర్భ జలాలను చూసుకునే పథకం అనంతపురం, కడప, కర్నూలుతో కలిపి ఏడు కరువు జిల్లాల్లో నడిచింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, నెదర్లాండ్స్ ప్రభుత్వం దాని వెనక ఉన్నాయి. రైతులే వాన కొలిచారు, బోర్లలో నీటిమట్టం కొలిచారు, రబీకి ముందు కూర్చుని ఊరి నీటి బడ్జెట్ వేసుకున్నారు. ఫలానా పంట వేయొద్దని ఎవరూ హుకుం జారీ చేయలేదు. లెక్క చూసుకుని చాలా చోట్ల రైతులు తమంతట తాము వరి తగ్గించారు. ఆ పథకం విభజన కూడా గమనించండి: రెవెన్యూ గ్రామాలవారీగా కాకుండా వంకలు, వాగుల పరీవాహకాలవారీగా చేశారు. మీ ఐదు పంచాయతీలకు కావాల్సింది సరిగ్గా అదే.

హద్దుల సంగతి కొత్తదేమీ కాదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు అని అందులో చెక్కించారు. ఆ దోషాల్లో ఒకటి రెండు రాజ్యాల హద్దు మీద చెరువు ఉండటం. ఇంకొకటి నీళ్లు తక్కువై పొలం ఎక్కువ కావడం. మీ వంక మీద ఈ రెండూ ఉన్నాయి. పై పంచాయతీ చెక్‌డ్యాములు వరసగా కట్టుకుంటే కింది పంచాయతీ చెరువు నిండి మరవ (మిగులు నీళ్లు బయటికి పోయే చోటు) పారడం మానేస్తుంది. కిందివాళ్ల చేతిలో తీర్మానం రాసుకోవడం తప్ప ఇంకేమీ ఉండదు.

కాబట్టి మొదటి పని పటం. ఐదూళ్ల గ్రామ పటాలు సర్వేయర్ దగ్గర తీసుకుని ఒకే కొలతకు తెచ్చి, పక్కపక్కన అతికించండి. వంక, పిల్లవంకలు, కుంటలు, చెరువులు, మరవలు, ఇప్పటికే ఉన్న చెక్‌డ్యాములు నీలం రంగులో గీయండి. ఆ పటాన్ని నేల మీద పరిచి, ప్రతి ఊరి నుంచి గొర్రెల కాపరులను, చెరువు నీళ్లు పొలాలకు వదిలే నీరుగంటిగా పనిచేసిన పెద్దవాళ్లను పిలిచి అడగండి. ఏ వంకలో వాన తర్వాత ఎన్నాళ్లు నీళ్లు పారతాయి, ఏ చెక్‌డ్యాము మట్టితో నిండింది, ఎక్కడ గట్టు తెగింది అనేది ఉపగ్రహ చిత్రం కంటే వాళ్లకే బాగా తెలుసు. ఐదూళ్ల మనుషులు ఒకే పటం చుట్టూ కూర్చోవడం ఇక్కడే మొదలవుతుంది, అదీ డబ్బు మాట రాకముందే. ఈ వరస మార్చొద్దు.

ఇక నీళ్ల లెక్క. ఇందులో కొంచెం ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే మిగతాదంతా దీనిమీదే నిలబడుతుంది.

ప్రతి ఊళ్లో ఒక వానమాపకం కావాలి. చెట్టుకు, గోడకు దూరంగా, తెరపి చోట పెట్టి రోజూ పొద్దున 8:30కి చూసి రాయాలి. ఊరికి ఐదారు బోర్లను నీటిమట్టం కొలవడానికి ఎంచుకోండి. వంక ఒడ్డున, మధ్యలో, మెరకన, ఇలా వేర్వేరు చోట్లవి ఉండాలి. పదిహేను రోజులకోసారి, అదే తేదీన, తెల్లవారి మోటారు వేయకముందు కొలవాలి. మోటారు ఆపిన వెంటనే కొలిస్తే నీళ్లు ఉన్నదానికంటే లోతులో కనిపిస్తాయి. అలాంటి అంకెలు నాలుగు పడితే పుస్తకం మొత్తం మీద నమ్మకం పోతుంది. టేపు మోటారు కేబుల్‌కు చుట్టుకోవడం మామూలే. కేసింగ్‌లో మోటారు పైపు లేని పాత బోరు దొరికితే దాన్నే వాడండి.

బోరు పోసే నీళ్లు కొలవడానికి 200 లీటర్ల డ్రమ్ము, ఫోన్‌లో గడియారం చాలు. మోటారు వేసి అరగంట పోయాక కొలవండి, మొదటి పోత మోసం చేస్తుంది. డ్రమ్ము 100 సెకన్లలో నిండితే సెకనుకు 2 లీటర్లు. పగటి 9 గంటల కరెంటుకు రోజుకు సుమారు 65 ఘనపు మీటర్లు. నాలుగు నెలల పంటకాలానికి 7,800 దాకా. వరికి 1,200 మిల్లీమీటర్ల నీళ్లు కావాలనుకుంటే ఎకరాకు 4,850 ఘనపు మీటర్లు. అంటే ఈ బోరు ఎకరంన్నర వరికి చాలుతుంది. రబీ శెనక్కాయకు (వేరుశెనగకు) 500 మిల్లీమీటర్లు అంటే ఎకరాకు 2,020. అదే బోరు కింద మూడు ముప్పావు ఎకరాలు పండుతాయి.

ఊరి మొత్తానికి లెక్క ఇలా వేస్తారు. ఊరి విస్తీర్ణం 5,000 ఎకరాలు, అంటే సుమారు 2,000 హెక్టార్లు అనుకుందాం. అనంతపురం సగటు వాన 550 మిల్లీమీటర్ల దగ్గర ఉన్నా సగటును నమ్ముకోవద్దు, ఆ ఏడు మీ వానమాపకంలో పడిందే లెక్క. 500 పడిందనుకుంటే మొత్తం కోటి ఘనపు మీటర్లు. మన గ్రానైట్ నేలల్లో భూమిలోకి ఇంకేది 8 నుంచి 11 శాతం. పది శాతం వేసుకుంటే పది లక్షలు. కరువు ఏటికి ముప్పై శాతం మిగుల్చుకుంటే చేతిలో ఏడు లక్షలు. మూడు వేల మందికి తలా 55 లీటర్ల చొప్పున ఏడాదికి 60 వేలు, పశువులు, గొర్రెలకు 25 వేలు తీసేయండి. సేద్యానికి మిగిలేది 6 లక్షల 15 వేలు. అది 127 ఎకరాల వరికో, 304 ఎకరాల శెనక్కాయకో సరిపోతుంది. చెరువు నిండిన ఏడు దాని కింద ఇంకేది కొంత కలుస్తుంది. హంద్రీనీవా కాలువ నీళ్లు మీ చెరువుకు వస్తుంటే వాటికి వేరే వరుస పెట్టండి, నికరమని కలిపేయొద్దు.

ఇప్పుడు ఊళ్లో బోర్ల కింద నిజంగా సాగవుతున్నది ఎంతో వ్యవసాయ సహాయకుడి పంట నమోదు నుంచి తీసుకుని పక్కన రాయండి. చాలా ఊళ్లలో తేడా రెండింతలు వస్తుంది. చీని (బత్తాయి) తోటలున్న చోట ఇంకా కష్టం, శెనక్కాయకు ఒక తడి తప్పించొచ్చు గానీ ఎండాకాలం చీనికి నీళ్లు ఆపితే చెట్టే పోతుంది. అందుకే తోటలకు పట్టే నీళ్లు ముందు తీసేసి, మిగిలిన నీళ్లకే ఏడాది పంటలు లెక్కేయాలి.

ఈ లెక్క చెప్పే రోజున బోర్లున్న రైతుల మొహాల్లో భయం కనిపిస్తుంది. బోరు సీలు వేస్తారేమో, మీటరు పెడతారేమో అని. బోర్లను అదుపు చేసే నీరు, భూమి, చెట్ల చట్టం 2002 నుంచి ఉంది కాబట్టి ఆ భయానికి ఆధారం లేకపోలేదు. ముందే మూడు మాటలు చెప్పండి, మినిట్స్‌లో రాయించండి: గోడ మీద రాసే లెక్కలో ఊరి మొత్తమే ఉంటుంది, ఏ రైతు పేరూ ఉండదు; కొలత పుస్తకం ఊళ్లోనే ఉంటుంది; దీన్ని బట్టి ఎవరి మీదా చర్య ఉండదు. ఆ మాట తప్పితే రెండోసారి ఎవరూ బోరు దగ్గరికి రానివ్వరు.

లెక్క తెలిశాక ఊరు ఏం చేయగలదో కూడా అదే సభలో చూపించాలి, లేకపోతే అది బెదిరింపులా ఉంటుంది. శెనక్కాయ ఊడలు దిగి కాయ ఊరే వేళ వాన మొహం చాటేస్తే స్ప్రింక్లర్లతో 25 మిల్లీమీటర్ల ఒక్క తడి పంటను కాపాడుతుంది. ఎకరాకు దానికి పట్టేది వంద ఘనపు మీటర్లు. అంటే ఒక్క ఎకరం వరి తాగే నీళ్లతో 48 ఎకరాల మెట్ట శెనక్కాయకు ఒక తడి ఇవ్వొచ్చు. పది పన్నెండు మంది బోర్ల రైతులు ఒప్పుకుని, బోర్లన్నీ పైపులైనుతో కలిపి, కొత్త బోరు వేయబోమని రాసుకుని, పక్కనున్న మెట్ట రైతులకు ఆపద తడి ఇచ్చే పద్ధతి ఈ అంకె మీదే నిలబడుతుంది. బోరు లేని వాళ్లు సభకు ఎందుకు రావాలనే ప్రశ్నకు జవాబు కూడా ఇదే.

సభల సంగతి. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లోనూ ఒకే రోజు గ్రామసభలు పెట్టారు. అలాంటివి చాటింపుకు పనికొస్తాయి గానీ, ప్రణాళిక తయారయ్యేది వాడల్లో. పంచాయతీ ఆఫీసు ముందు ఒక్క సభ కాకుండా, ముందు వారం రోజులు మజరాలు (శివారు పల్లెలు), ఎస్సీ కాలనీ, తండా, ఇలా చోటుకొకటి చిన్న సమావేశం పెట్టండి. కూలికి పోయేవాళ్లు రాత్రి ఏడున్నర దాటితే గానీ తీరరు. ఆడవాళ్ల మాట వినాలంటే పొదుపు సంఘాలు కూర్చునే రోజే పోవాలి. శెనక్కాయ పీకే రోజుల్లో ఏ సభా నిండదు. బెంగళూరుకు వలసపోయిన కుటుంబాలు సంక్రాంతికి, ఉగాదికి వస్తాయి, కొళాయి పన్ను పెంచడం లాంటి పెద్ద తీర్మానాలు అప్పుడు చదివి వినిపించాలి. లేకపోతే "మేము లేనప్పుడు చేశారు" అనే తగాదా ఆరు నెలలు నడుస్తుంది.

సభను చెడగొట్టేది ఎక్కువసార్లు పింఛన్లు, ఇళ్ల స్థలాలు. అవి చిన్న సమస్యలు కావు, ఆకలితో ముడిపడినవి. వాటిని అణచకుండా, సభకు గంట ముందు సచివాలయం వెల్ఫేర్ అసిస్టెంటును ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి అర్జీలు తీసుకుని రశీదు ఇప్పించండి. చేతిలో కాగితం పడ్డ మనిషి తర్వాత నీళ్ల లెక్క నింపాదిగా వింటాడు. సర్పంచి ఆడమనిషై ఉండి, కుర్చీలో భర్త కూర్చునే చోట, సభ నడిపే పని వార్డు మెంబర్లలోని ఆడవాళ్లకు పంచండి. ఒకరు పటం చూపించాలి, ఒకరు డబ్బు లెక్క చదవాలి. చేసే పని చేతిలో ఉంటే కుర్చీ దానంతట అదే తిరిగి వస్తుంది.

ఇప్పుడు డబ్బు. ప్రణాళికలు చచ్చేది ఇక్కడే. కట్టడానికి నిధులు ఎక్కడో ఒక చోట దొరుకుతాయి, నడపడానికి ఎవరూ ఇవ్వరు. 15వ ఆర్థిక సంఘం 2021-26కు ఇచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే కట్టిపడేసి, 40 శాతం మాత్రం ఊరి ఇష్టానికి వదిలింది. ఆ నలభై కూడా జీతాలకు వాడకూడదు. ఆ తర్వాతి విడతల నిబంధన ఏదైతే అది ఉత్తర్వు తెప్పించుకుని చదివాకే అంకెలు వేయండి. వాటర్‌మ్యాన్ జీతం మటుకు మీ ఇంటిపన్ను, కొళాయి పన్నుల నుంచే రావాలనుకుని లెక్క కట్టుకోండి.

ఒక ఉదాహరణ చూడండి, 700 ఇళ్లు, 10 హెచ్‌పీ మోటారు. రోజుకు ఆరు గంటలు నడిస్తే ఏడాదికి దాదాపు 16,400 యూనిట్లు. యూనిట్ ఏడు రూపాయలనుకుంటే 1,15,000. వాటర్‌మ్యాన్‌కు నెలకు 9,000 చొప్పున 1,08,000. బ్లీచింగ్, పరీక్షలకు 25,000. మోటారు రీవైండింగ్, వాల్వులు, పైపుల మరమ్మతుకు 60,000. కొత్త మోటారు కొనాల్సిన రోజుకు ఏటా పక్కన పెట్టేది 50,000. మొత్తం 3,58,000. ఇంటికి నెలకు 43 రూపాయలు. అయితే నూటికి నూరు మందీ కట్టరు. ఎనభై శాతం వసూలనుకుంటే 53. కాబట్టి 55 పెట్టాలి. మీ ఊరి కరెంటు బిల్లు, జీతం అంకెలు వేసి ఇదే వరసలో చేయండి. సభలో ఈ కాగితం చదివితే జనం ముందు ఆ 50,000 ఎందుకని అడుగుతారు. తీసేయొద్దు. అది తీసేసిన ఊళ్లోనే మే నెలలో మోటారు కాలి, ట్యాంకర్ల కోసం మండలాఫీసు ముందు నిలబడాల్సి వస్తుంది.

వసూలుకు పనికొచ్చేవి రెండే: ప్రతి ఇంటికి రశీదు, ప్రతి నెలా గోడ మీద వచ్చింది ఎంత, పోయింది ఎంత. పన్ను పెంచే ముందు నీళ్లు వచ్చే వేళ ఖాయం చేయండి. చివరి కొళాయి దగ్గర నీళ్లు రాకుండా పన్ను అడిగితే ఎవరూ ఇవ్వరు, ఇవ్వకపోవడం న్యాయమే. అదే చివరి కొళాయిలో క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా ఉందో లేదో చూడండి. ఫ్లోరైడ్ మన జిల్లాకు పాత శత్రువు. కొత్త బోరు పథకానికి కలిపే ముందు పరీక్ష చేయించి, 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగునీటికి వద్దనండి. గ్రామ నీటి, పారిశుధ్య కమిటీలో సగం మంది ఆడవాళ్లు ఉండాలని జల్ జీవన్ మిషన్ మార్గదర్శకాల్లోనే ఉంది. నీళ్ల పరీక్ష కిట్టు వాళ్ల చేతిలో పెడితే ఆ సగం కాగితం మీది సగంగా మిగలదు.

ప్రణాళిక కాగితంలో ఏడు గడులు పెట్టండి. పని, సర్వే నంబరు, ఖర్చు, ఏ నిధి, ఏటా నిర్వహణ ఎంత, ఆ డబ్బు ఎక్కడిది, ఎవరి బాధ్యత. ఆరో గడి ఖాళీగా ఉంటే ఆ పని ఆ ఏడు జాబితాలోకి రాకూడదు, ఎవరు సిఫారసు చేసినా సరే. ఈ ఒక్క నియమం ఐదు పంచాయతీలూ ఒప్పుకుంటే సగం గొడవలు తగ్గుతాయి. చెరువుల పనులు ఈ గడులు దాటి పోతాయని అనుకోవద్దు. కట్ట మీద కంపచెట్లు ఏటా కొట్టించాలి, వేళ్లు లోపలికి పోతే ఆ దారినే నీళ్లు ఊరతాయి. తూము తలుపుకు గ్రీజు, మరవకు సిమెంటు పూత, పాటుకాలువ పూడిక, వీటికి ఖర్చు చిన్నది, వదిలేస్తే కట్టే తెగుతుంది. పూడిక మట్టిని పొలాలకు తోలుకునే రైతులు ట్రాక్టరు ఖర్చు పెట్టుకుంటారు, తవ్వే యంత్రానిది పంచాయతీ పెట్టుకోవచ్చు. కట్ట మొదలు దగ్గర మాత్రం తవ్వనివ్వొద్దు. ఇంజినీరింగ్ అసిస్టెంటుతో హద్దురాళ్లు పాతించాకే యంత్రం దించండి.

ఐదు ఊళ్లను కట్టి ఉంచడానికి కొత్త సంస్థ అక్కర్లేదు, కొత్త బ్యాంకు ఖాతా అసలే వద్దు. ఒకే మాటలతో రాసిన తీర్మానం ఐదు గ్రామసభల్లోనూ పాస్ చేయించండి: వంక మీద ఏ కొత్త కట్టడం ప్రతిపాదించినా మిగతా నాలుగు ఊళ్లకు ముప్పై రోజుల ముందు పటంతో సహా తెలపాలి, కింది చెరువు మూడేళ్లలో ఒక్కసారైనా మరవ పారకపోతే పైన కొత్త చెక్‌డ్యాము వద్దు, ఉన్నవాటి పూడిక తీతే. ఊరికి ఇద్దరు చొప్పున, అందులో ఒకరు ఆడమనిషి, మరొకరు కింది ఆయకట్టు రైతో కాపరో అయ్యేలా పదిమందిని పెట్టండి. మూడు నెలలకోసారి కూర్చోవాలి, ప్రతిసారీ వేరే ఊళ్లో. డబ్బు ఏ పంచాయతీది ఆ పంచాయతీలోనే ఉంటుంది. ఉమ్మడి పనైతే ఎవరి పొలిమేరలో జరిగితే వాళ్ల ప్రణాళికలో ఎక్కించి, మిగతావాళ్ల వాటా ఏ పని రూపంలో వస్తుందో తీర్మానంలో రాయాలి. అందరూ ఒకే ఖాతాలో డబ్బు వేసే ఏర్పాటు మొదటి ఎన్నికల గాలికే చెదిరిపోతుంది.

కాలం లెక్క: పటం పని ఏప్రిల్, మే నెలల్లో. జూన్ నుంచి కొలతలు. మనకు ఎక్కువ వాన పడేది సెప్టెంబరు, అక్టోబరులో కాబట్టి నీటి బడ్జెట్ అక్టోబరు రెండో వారంలో, రబీ విత్తనం కొనకముందు. 2018 నుంచి గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికల ప్రచారం అక్టోబరు 2న మొదలవుతోంది, మీ లెక్క నేరుగా అందులోకి పోతుంది. పంచాయతీల ప్రణాళికలు నమోదు చేసే ఈ-గ్రామస్వరాజ్ వెబ్‌సైటులో ఎక్కించేటప్పుడు మాత్రం ఒకరు పక్కన కూర్చోండి. గడువు ముంచుకొచ్చిన రోజున పోయినేడు పనులే తిరిగి ఎక్కించడం, సభ చెప్పిన వరస తారుమారు కావడం అప్పుడే జరుగుతుంది. ఎక్కించాక ప్రింటు తీసి రచ్చకట్ట దగ్గర, బడి గోడకు, ఎస్సీ కాలనీలో అంటించండి.

రెండో ఏడు సభలో మొదటి అంశం కొత్త పనులు కాకూడదు. పోయినేటి కాగితం వరుస వరుసగా చదవాలి: అయింది, కాలేదు, ఎందుకు కాలేదు. కారణం ఒక్క వాక్యంలో ఎదురుగా రాయించండి, "నిధులు రాలేదు" అంటే ఏ నిధి, ఎంత, ఎప్పుడు రావాల్సిందో కూడా. తేలని పనులను కొత్త జాబితాలో కలపొద్దు, పాత తేదీతోనే పైన ఉంచండి.